అరచేతి సంఘం వారి బ్యాటరీ తీర్మానం

ఆ ఏడు నాగూరుపేట మున్సిపాలిటీకి సాంకేతిక చైతన్యం వచ్చింది. పైనుంచి వచ్చింది, సర్క్యులరు రూపంలో. ప్రతి పట్టణంలోనూ జూన్ నెలాఖరులోగా ఒక సాంకేతిక చైతన్య కేంద్రం పనిచేస్తూ ఉండాలి. పనిచేస్తున్నట్టు నెలనెలా నివేదిక పంపాలి. కేంద్రం అంటే ఏమిటో సర్క్యులరులో లేదు. నివేదిక నమూనా మాత్రం నాలుగు పేజీలుంది.

మున్సిపల్ మేనేజరు మార్కండేయులు ఊరంతా వెతికితే దొరికినవాళ్లు పద్నాలుగు మంది. వాళ్ల దగ్గర అరచేతి కంప్యూటర్లున్నాయి. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత యంత్రం. బూడిదరంగు తెర, దాని మీద రాయడానికి ఒక ప్లాస్టిక్ పుల్ల. మనం రాసే అక్షరం దానికి అర్థం కాదు. దానికి అర్థమయ్యే అక్షరం మనం నేర్చుకోవాలి. వాళ్లు నేర్చుకున్నారు. ఆదివారం ఆదివారం ఒకరింట్లో చేరి, ఎవరి యంత్రంలో ఏముందో ఒకరికొకరు చూపించుకునేవారు. అందరి యంత్రాల్లోనూ మిగతా పదమూడు మంది ఫోను నంబర్లుండేవి.

వాళ్లని సంఘం పెట్టమన్నాడు మేనేజరు. పెట్టారు. నాగూరుపేట అరచేతి కంప్యూటర్ల వాడుకదారుల సంఘం. అధ్యక్షుడు సోమయాజులు, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు. కార్యదర్శి జగన్నాథ పట్నాయక్, కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగినవాడు. సంఘానికి గది కావాలి కాబట్టి గ్రంథాలయం మేడమీద గది కేటాయించారు.

ఆ గదిలో అప్పటికి మనుషులున్నారు. ఆ సంగతి ఫైల్లో లేదు.

ఇరవై ఆరు మంది. టీచరు ఉద్యోగాల పరీక్షకి చదువుకునేవాళ్లు. పరీక్ష అక్టోబరులో. లైబ్రేరియన్ తవిటయ్య ఆరేళ్లుగా వాళ్లకోసమే ఆ గది అట్టేపెట్టాడు. రెండు ఫ్యాన్లు, పొడుగాటి బల్ల, బయటి చప్పుడు వినపడని గోడలు. ఆయన ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడిన పాపాన పోలేదు గానీ, ఉదయం ఏడింటికల్లా తాళం తీసి ఉంచేవాడు. ఉత్తర్వు వచ్చిన రోజున ఆ ఇరవై ఆరు మందీ పుస్తకాలు చంకన పెట్టుకుని బయటి మేడమెట్ల మీదికొచ్చి కూర్చున్నారు. మెట్టుకొకరు. పైమెట్టు మీద అప్పలనరసమ్మ.

అప్పలనరసమ్మకి ఈ పరీక్ష తప్పితే మరో పరీక్ష లేదు. డిసెంబరుకి వయసు దాటిపోతుంది. ఇంట్లో చదువుకుందామంటే ఇల్లు దాలినాయుడు రైసుమిల్లు గోడకి ఆనుకుని ఉంది. పొద్దస్తమానం మిల్లు హోరు. ఆ దాలినాయుడు కూడా సంఘంలో సభ్యుడే.

"ఇంటికాడ ఆయన మిల్లు, ఈడ ఆయన సంఘం. నన్నెటు పొమ్మంటారు మాస్టారూ?" అంది తవిటయ్యతో.

"చదువు" అన్నాడు తవిటయ్య. ఆయన ఓదార్పు అంతే ఉంటుంది.

సంఘం నియమావళి తయారు చేసింది పట్నాయక్. పాత ఆఫీసులో గొర్రెల పెంపకందారుల సహకార సంఘం నియమావళి ఒకటి మిగిలిపోయి ఉంటే, టైపిస్టు చేత గొర్రె అన్న చోటల్లా కంప్యూటరు అని కొట్టించాడు. అందుచేత నలభై ఒకటో నిబంధన ప్రకారం, మరణించిన కంప్యూటరు కుడి చెవిని హాజరుపరచినగాని నష్టపరిహారానికి అర్హత లేదు. దాన్నెవరూ పట్టించుకోలేదు. కొత్తగా చేర్చినవి రెండే. ఒకటి, అరచేతి కంప్యూటరు అంటే ఏమిటన్న నిర్వచనం. సోమయాజులు యంత్రం మిగతావాళ్ల వాటికన్నా పదిహేనేళ్లు పాతది. దానికి పుల్ల లేదు, ఒక్క వరుసే తెర. అధ్యక్షుడు బయట ఉండిపోకూడదు కాబట్టి నిర్వచనాన్ని ఆయన దాకా సాగదీశారు: అరచేతిలో ఇమిడి, బ్యాటరీతో నడుస్తూ, తెర కలిగి, లెక్క కట్టి, కనీసం ఒక అంకెను జ్ఞాపకముంచుకొను ఏ యంత్రమైనను.

రెండోది, కాగితం నిషేధం. సంఘం వ్యవహారాలన్నీ మూలయంత్రం అనే ఒక్క కంప్యూటరులోనే ఉండాలి. సభ్యుల పేర్లు, హాజరు, తీర్మానాలు, అన్నీ. మూలయంత్రంలో పేరున్నవాడే సభ్యుడు. లేనివాడు కాడు. ఈ నియమావళి టైపు ప్రతి ఒకటి రిజిస్ట్రేషను కోసం మున్సిపాలిటీ ఫైల్లోకి పోయింది. మిగతా ప్రతులు చించేశారు, నిషేధం కదా. నియమావళి మొత్తం మూలయంత్రంలోకి ఎక్కించారు. తెర మీద పదకొండు వరుసలు పడతాయి. ఆ లెక్కన నియమావళి రెండువందల పద్నాలుగు తెరలైంది. మూడో తెర దాటి చదివినవాడు లేడు.

హాజరు పద్ధతి ఇలా ఉండేది. సభ్యుడు తన యంత్రాన్ని మూలయంత్రానికి ముక్కుకి ముక్కు ఆనించి పట్టుకుంటాడు. కంటికి కనపడని కిరణం ఒకటి దీన్లోంచి దాన్లోకి పోతుంది. 'అందినది' అని పట్నాయక్ అంటాడు. అప్పుడు మనిషి వచ్చినట్టు. అధ్యక్షుడి పాత యంత్రానికి కిరణం లేదు కాబట్టి ఆయన పదవి రీత్యా ఎప్పుడూ హాజరే.

జూలైలో ఒక ఆదివారం దాలినాయుడు యంత్రం బ్యాటరీ అయిపోయింది. కిరణం రాలేదు. దాలినాయుడు మాత్రం వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయనది చిన్న శరీరం కాదు, కుర్చీకి రెండు పక్కలా కనిపిస్తూనే ఉన్నాడు. టీలు వచ్చాయి. పదమూడు.

"నాకేదండీ?"

"మీరు గైర్హాజరు" అన్నాడు పట్నాయక్.

"ఎదరనే కూకున్నాను కదండీ బాబూ!"

"భౌతికంగా ఉన్నారు. దాన్నెవరూ కాదనడం లేదు. సంఘ దృష్ట్యా రాలేదు."

"రానోణ్ణయితే నాతో ఎందుకు మాటాడతన్నారు?"

పట్నాయక్ ఆలోచించాడు. న్యాయమైన ప్రశ్న. అక్కణ్ణుంచి సమావేశం ముగిసేదాకా ఆయన దాలినాయుడితో మాట్లాడలేదు. మిగతావాళ్లూ మాట్లాడలేదు. ఆ రోజు తీర్మానాల్లో, శ్రీ దాలినాయుడు గారి గైర్హాజరీకి సభ విచారం వ్యక్తం చేసింది. దాలినాయుడు ఎదురుగా కూర్చుని విన్నాడు. మొహం ఎర్రబడింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న తవిటయ్యకి అతని మీద జాలి కలగలేదు. వానలు మొదలై మెట్ల మీద పిల్లలు గోనెపట్టాలు కప్పుకుని చదువుతున్నారు. ఉన్న జాలి వాళ్లకే చాలలేదు.

ఆగస్టులో మూలయంత్రం బ్యాటరీలు నీరసించాయని తెర మీద గుర్తు పడింది. రెండు సన్న బ్యాటరీలు. ఇంట్లో అయితే ఎవరి యంత్రానికి వాళ్లు అన్నం తింటూ ఎడం చేత్తో మార్చేసుకుంటారు. అది సొంత యంత్రం. ఇది మూలయంత్రం. బ్యాటరీ మార్పిడి ఉపసంఘం వేశారు.

యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. పాత బ్యాటరీలు తీసిన నిమిషంలోపు కొత్తవి పెట్టకపోతే లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఉపసంఘం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పదకొండుసార్లు సమావేశమై కార్యక్రమం ఖరారు చేసింది. పాతవి తీయుట, నాలుగు సెకన్లు. కొత్తవాటిని అధ్యక్షుడు ప్రతిపాదించుట, పన్నెండు. బలపరచుట, ఆరు. అభ్యంతరాలు అడుగుట, అయిదు. చేతులెత్తుట, లెక్కించుట, పదకొండు. పెట్టుట, ఆరు. మూత వేయుట, నాలుగు. వెరసి నలభై ఎనిమిది. ఇంకా పన్నెండు సెకన్లు మిగులుతాయని సోమయాజులు సంతోషించాడు.

"తీర్మానమేదో ముందే సేసీసి, తరవాత పాతవి తీస్తే సరిపోద్ది కదండీ?" అన్నాడు దాలినాయుడు.

పట్నాయక్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాయుడు గారూ, ముప్ఫై నాలుగేళ్లు సర్వీసు చేశాను. ఖాళీ ఏర్పడకుండా నియామకం చేసిన ఆఫీసుని నేను చూడలేదు. పాత బ్యాటరీలు తమ స్థానంలో ఉండగా కొత్తవాటిని ఏ స్థానంలో నియమిస్తారు?"

సభ్యులు తలలూపారు.

వాచీ పెట్టుకుని మూడు రిహార్సళ్లు వేశారు. సబ్బుపెట్టెని యంత్రంగా అనుకున్నారు. మూడోసారి నలభై ఆరు సెకన్లలో అయిపోయింది. సబ్బుపెట్టెకి ఏమీ కాలేదు.

అసలు రోజున మేనేజరు మార్కండేయులు ముఖ్య అతిథి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. మధ్యలో మూలయంత్రం, పక్కన పళ్లెంలో కొత్త బ్యాటరీలు. తవిటయ్యని పిలవలేదు, కుర్చీలు మోయమన్నారు. మోసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పట్నాయక్ మూత తీసి, పాత బ్యాటరీలు రెండూ లాగి పైకెత్తి చూపించాడు. "తీయబడినవి."

సోమయాజులు లేచాడు. "సంఘ శ్రేయస్సును దృష్టిలో ఉంచుకుని నూతన బ్యాటరీలను సవినయంగా ప్రతిపాదిస్తున్నాను." పన్నెండు సెకన్లే.

"బలపరుస్తున్నాను" అని ఎవరో అన్నారు.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అడిగాడు పట్నాయక్. అడగడమే గానీ జవాబుకి కార్యక్రమంలో చోటు లేదు. రిహార్సళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"నాకుంది" అన్నాడు దాలినాయుడు.

ఆ రోజు ఆయన కిరణం సక్రమంగా అందింది. పూర్తి హాజరు. అభ్యంతరం చెప్పే సభ్యుడికి రెండు నిమిషాల గడువు, మధ్యలో ఎవరూ అడ్డు తగలరాదు. అది మూడో తెర మీదే ఉంది. అందరూ చదివిందే.

"ఆ పళ్లెంలో బ్యాటరీలు సూడండి. ఒకదానికి ఎర్ర కాయితం. ఇంకోదానికి నీలం కాయితం. రెండూ ఒక కంపినీవి కావు. మరి మనం కాయితం నిసేదించుకున్నాం కదా. ఏ రంగు కాయితమైనా కాయితమే కదా. ఇదొక సంగతి. రెండో సంగతి ఏటంటే..."

తవిటయ్య గోడ గడియారం చూశాడు. ఇరవై సెకన్లు మిగిలాయి.

"పెట్టీండి బాబూ, పెట్టీసి మాటాడుకోండి" అన్నాడు.

"సభ్యులు కానివారు మాట్లాడరాదు" అన్నాడు పట్నాయక్, పాత బ్యాటరీలు రెండూ గుప్పిట్లో బిగించి. పెట్టేద్దామని చెయ్యి పళ్లెం దాకా వెళ్లింది. చేతులెత్తించలేదు. చెయ్యి వెనక్కొచ్చింది.

దాలినాయుడు తనకున్న రెండు నిమిషాలూ వాడుకున్నాడు. చివర్లో, సభ అభిప్రాయాన్ని గౌరవించి అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నానన్నాడు. చేతులెత్తారు. లెక్కించారు. పద్నాలుగు. కొత్త బ్యాటరీలు పెట్టారు. యంత్రం పుట్టినప్పుడు ఎలా ఉందో అలా మేలుకుని, మీ పేరేమిటని అడిగింది.

పట్నాయక్ పుల్లతో అంతా తిప్పి చూశాడు, ఒక్క పేరూ మిగల్లేదు.

"మళ్లీ పేర్లు రాసేద్దాం. ఎంతసేపు?" అన్నాడు సోమయాజులు.

"సమావేశం తీర్మానం లేకుండా పేరు ఎక్కించరాదు" అన్నాడు పట్నాయక్.

"సమావేశంలోనే కదండీ ఉన్నాం?"

"సభ్యులు కూడితే సమావేశం. సభ్యులెవరు?"

"మనం పద్నాలుగురమూ ఈడే ఉన్నాం కదండీ!" అన్నాడు దాలినాయుడు.

పట్నాయక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "తమరెవరు?"

మేనేజరు మార్కండేయులు మెల్లిగా లేచి, ముఖ్య అతిథిగా తనని ఆహ్వానించినవారెవరూ లేరు కాబట్టి తాను రానట్టేనని చెప్పి వెళ్లిపోయాడు. తరవాత సభ్యులు కాని ఆ పద్నాలుగు మందీ లేచారు. సభ్యులు కానివారు గదిలో ఉండకూడదు. బయటికొచ్చి తాళం వేశారు. తాళంచెవి అలవాటుగా సోమయాజులు జేబులోకి పోయింది.

మెట్ల దగ్గర తవిటయ్య అడ్డం నిలబడ్డాడు.

"సంఘం లేదు కదా. తాళంచెవి ఇలా ఇయ్యండి."

"ఇచ్చే అధికారం అధ్యక్షుడిది. నేను అధ్యక్షుణ్ణి కానయ్యా."

"మరి మీ జేబులో ఎందుకుంది?"

"అదే నాకూ అర్థం కావడం లేదు" అన్నాడు సోమయాజులు. నిజంగానే అన్నాడు. ఇంజనీరుగా ఉన్నప్పుడు కాగితం మీద సంతకం పడకుండా కాలవ షట్టరు ఎత్తనివ్వలేదని ఆయనకి పేరు. పొలాలెండినా ఎత్తనివ్వలేదు.

పరీక్ష ఇంకా నలభై రోజులుంది. ఆ సాయంత్రం పెద్దవాన పడింది. అప్పలనరసమ్మ నోట్సు తడిసి సిరా అంతా నీలంగా పారింది. ఆమె ఏడవలేదు. తడిసిన కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి కిందహాలు బల్ల మీద ఆరబెట్టుకుంది. పేపరు చదివే ముసలాయన ఒకడు చోటు లేదని విసుక్కున్నాడు. తవిటయ్య అతని చేతిలోంచి పేపరు తీసుకుని మడిచి పెట్టేశాడు.

మర్నాడు మున్సిపాలిటీకి వెళ్లాడు.

"సదరు సంఘము ప్రస్తుతము అస్తిత్వంలో లేదన్న మీ విజ్ఞప్తి అందినది" అన్నాడు మేనేజరు. తవిటయ్య ఇంకా ఏమీ ఇవ్వలేదు, నోటితో చెప్పాడంతే. "అయితే గది కేటాయింపు రద్దు చేయాలంటే సంఘానికి నోటీసు ఇవ్వాలి. నోటీసు తీసుకోవడానికి సంఘంలో ఎవరూ లేరు. కావున కేటాయింపు కొనసాగుతుంది."

"ఎన్నాళ్లు?"

"తీసుకునేవారు వచ్చేదాకా."

"ఎవరూ రాకపోతే?"

"అప్పుడు శాశ్వతం." మేనేజరు గొంతు తగ్గించాడు. ఆయన బాధ ఆయనకుంది. "నెలాఖరుకి నివేదిక పంపాలి తవిటయ్యా. సభ్యుల సంఖ్య అన్నచోట సున్నా వేస్తే నా ఇంక్రిమెంటు ఆగిపోతుంది. ఏదైనా దారుంటే నువ్వే చూడు." నియమావళి టైపు ప్రతి ఉన్న ఫైలు ముందుకు తోశాడు.

తవిటయ్య వరండాలో బల్ల మీద కూర్చుని ఫైలు చదివాడు. ముప్ఫై ఏళ్లుగా చదవడమే ఆయన పని. అందరూ ముందు నుంచి చదివి ఆగిన చోట ఆయన వెనక నుంచి మొదలుపెట్టాడు. చివరి పేజీలో, చిట్టచివరి నిబంధన. గొర్రెల సంఘం మొదటి రోజు కోసం ఎవరో రాసుకున్నది, కంప్యూటర్లకి సంక్రమించింది. 'సంఘమునందు సభ్యులెవరును లేని దినమున, కంప్యూటరు కలిగిన కనీసము ఏడుగురు సంఘ ఆవరణలో కూడి ఒకరినొకరు ప్రతిపాదించుకొనినచో, వారే వ్యవస్థాపక సభ్యులగుదురు.'

మూలయంత్రంలో అయితే అది రెండువందల పద్నాలుగో తెర.

నాలుగు గంటలకి గ్రంథాలయానికొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు.

"మీ దగ్గర లెక్కలు కట్టుకునే కాలిక్యులేటర్లు ఎంతమందికున్నాయి?"

ఇరవై ఆరు చేతులు లేచాయి. లెక్కల పేపరుకి సాధన చేసేవాళ్లు, ఉండకేం.

"దాంట్లో అంకె దాచిపెట్టుకునే మీట ఉందా?"

"ఉంది మాస్టారూ. ఎందుకూ?"

"పట్టుకోండి. పక్కవాణ్ణి ప్రతిపాదించండి."

"ఏటి ప్రతిపాదించాల?"

"మనిషిని."

వాళ్లకి సంగతి చెప్పడానికి ఆయనకి మూడు వాక్యాలు పట్టింది. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత మెట్లన్నీ నవ్వాయి. కింది మెట్టు మీదివాడు పై మెట్టు మీదామెని, ఆమె ఆ పైవాణ్ణి ప్రతిపాదించుకుంటూ పోతే అప్పలనరసమ్మ దాకా వచ్చి ఆగింది. ఆమెకి పైన ప్రతిపాదించడానికి ఎవరూ లేరు. అందుకని ఆమెనే అధ్యక్షురాలిని చేశారు.

"నాకు సదువుకునే టైము లేదర్రా, అద్దిచ్చరాలినేటి?"

"గది తియ్యడానికే. తీసీసి సదువుకో" అన్నారు.

మేనేజరు ఒక కాలిక్యులేటరు తీసుకుని నిర్వచనం పక్కన పెట్టి పరీక్షించాడు. అరచేతిలో ఇమిడింది. బ్యాటరీ ఉంది. తెర ఉంది. ఏడు నొక్కి దాచి, చెరిపి, మళ్లీ పిలిచాడు. ఏడు వచ్చింది. మేనేజరు మొహం వికసించింది. "సక్రమముగా ఉన్నది" అని ఫైల్లో రాసి, సభ్యుల సంఖ్య ఇరవై ఆరు, పెరుగుదల ఎనభై అయిదు శాతం, మహిళా నాయకత్వం అని నివేదికకి చేర్చుకున్నాడు.

తాళంచెవి తీసుకోవడానికి అధికారం ఉన్న మనిషి దొరికినందుకు సోమయాజులు గుండెల మీంచి బరువు దిగింది. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

"మరి మేము?" అన్నాడు.

"దరకాస్తు పెట్టుకోండి తాతగారూ" అంది అప్పలనరసమ్మ. "పరిసీలిస్తాం."

పద్నాలుగు దరఖాస్తులు వచ్చాయి, కాగితం మీద. పరిశీలనలో ఉన్నవని ఆమె రాతపూర్వకంగా తెలియజేసింది. పరీక్ష అయ్యేదాకా పరిశీలనలోనే ఉన్నాయి. పట్నాయక్‌కి ఆ జవాబు భాష బాగా నచ్చిందని, ఫైలు చేసుకున్నాడని తవిటయ్య విన్నాడు.

అక్టోబరులో పరీక్ష అయింది. ఫిబ్రవరిలో ఫలితాలొచ్చాయి. ఆ గదిలోంచి పదకొండు మంది టీచర్లయ్యారు. అప్పలనరసమ్మకి కొండల మీద ఒక ఊళ్లో పోస్టింగు వచ్చింది. వెళ్లేముందు వచ్చి నమస్కారం పెట్టింది. తవిటయ్య తల ఊపి, తీసుకెళ్లిన వ్యాకరణం పుస్తకం ఇంకా వెనక్కివ్వలేదని గుర్తు చేశాడు.

మార్కండేయులు తన వార్షిక నివేదికలో, అరచేతి కంప్యూటర్ల వినియోగము మూలమున నాగూరుపేటలో పదకొండుగురు ఉపాధి పొందినారని రాశాడు. పైన దాన్ని చదివినవారు చలించిపోయారు. ఏప్రిల్లో ఉత్తర్వు వచ్చింది. నాగూరుపేట నమూనాను జిల్లాలోని గ్రంథాలయాలన్నింటా అమలు చేయవలెను. ఇందునిమిత్తము ప్రతి గ్రంథాలయములోని చదువుకునే గదిని తక్షణము ఖాళీ చేయించి, అరచేతి కంప్యూటర్ల వాడుకదారుల సంఘమునకు అప్పగించవలెను. ఇతరులకు మార్గదర్శకముగా ఉండుటకు నాగూరుపేట లైబ్రేరియన్ జతపరచిన ఫారము నింపి పంపవలెను.

తవిటయ్య ఫారము బల్ల మీద పరుచుకున్నాడు. రెండు గడులున్నాయి. మొదటి గడి, గది నుండి ఖాళీ చేయించిన పాఠకుల సంఖ్య. ఇరవై ఆరు అని రాశాడు. రెండో గడి, తదనంతరము ఉపాధి పొందిన వాడుకదారుల సంఖ్య. పదకొండు అని రాశాడు.

వీళ్లు వాళ్లేనని రాయడానికి ఫారములో గడి లేదు.